సంగారెడ్డి బ్యూరోలో ఆఫ్రికా చేపలు

విలేకరి ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడ కలిసినా నన్ను ఒకటే అడుగుతారు, మీ సర్వీసులో మరిచిపోలేని వార్త ఏది సార్ అని. ఏదో పెద్ద కుంభకోణం చెబుతానని వాళ్ల ఆశ. నాకు మాత్రం ముందుగా గుర్తొచ్చేది పత్రికలో ఒక్క ముక్క కూడా అచ్చుకాని సంగతి. ఒక అద్దాల తొట్టి, అందులో ఆఫ్రికా చేపలు, వాటి మూలంగా మా బ్యూరోకు జరిగిన మర్యాద.

అప్పట్లో మా ఆఫీసు సంగారెడ్డిలో కోర్టుకు దగ్గరగా ఒక మేడ మీద ఉండేది. కింద జిరాక్సు దుకాణం. మాది కొండాపూర్ మండలంలో ఒక ఊరు. పొద్దున్నే బండి మీద వచ్చి, కలెక్టరేటూ కోర్టూ చుట్టేసి, మధ్యాహ్నానికి కుర్చీలో చేరేవాణ్ని. మా బ్యూరో ఇన్‌ఛార్జి కోస్తావాళ్ల అబ్బాయి. అబ్బాయి అంటే అప్పటికే యాభైకి దగ్గరపడ్డ మనిషి. తండ్రి ప్రభుత్వ రంగ కర్మాగారంలో ఉద్యోగం కోసం ఇటు వచ్చి కాలనీ క్వార్టర్లో స్థిరపడితే, ఈయన అక్కడే పుట్టి అక్కడే పెరిగాడు. అయినా మాట మాత్రం గోదావరి గట్టు దిగి రాలేదు.

మంచివాడు. వార్తలో కోత వేసేటప్పుడు కూడా "ఏమనుకోకండీ" అని వేసేవాడు. ఆయనకున్న భయం ఒక్కటే, బదిలీ. భార్య పటాన్‌చెరులో ఒక ప్రైవేటు బడిలో టీచరు. కూతురు ఇంటర్ మొదటి సంవత్సరం. అంతకుముందు ఒకసారి బదిలీ మీద కుటుంబాన్నంతా తీసుకుని వెళ్లి, అందరూ నానా అవస్థలూ పడి తిరిగొచ్చారు. ఆ వేసవిలో ఎడిటర్ గారు జిల్లాల పర్యటనకు బయలుదేరారనీ, చాలాకాలంగా ఒకేచోట ఉన్నవాళ్లను కదుపుతున్నారనీ కబురు వచ్చింది. పక్క జిల్లా ఇన్‌ఛార్జిని ఆదిలాబాద్ పంపారు.

"మా ఆవిడ ఒక్కటే మాట చెప్పిందండీ, ఈసారి వెళితే మీరొక్కరే వెళ్లండి అని" అన్నాడు ఆయన నాతో, టీ గ్లాసు చల్లారబెట్టుకుంటూ. ఆ మాట చెప్పినప్పుడు ఆయన ముఖంలో కోపం లేదు. ఒంటరిగా వంట చేసుకునే గది ఒకటి అప్పుడే కళ్ల ముందు కనిపిస్తున్నట్టుంది.

ఆయన్ను ఉత్సాహపరుద్దామని నాకు తెలిసిన ఒక ముక్క చెప్పాను. హెడ్డాఫీసు జీపు డ్రైవరు ఎప్పుడో మాటల్లో అన్నాడు, ఎడిటర్ గారింట్లో గోడంత అక్వేరియం ఉందనీ, అందులో ఆఫ్రికా సరస్సుల చేపలు పెంచుతారనీ, వాటిని సిక్లిడ్లు అంటారనీ. ఇది కాలక్షేపం మాట. ఆయన మాత్రం టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"మనం కూడా పెడదామండీ" అన్నాడు.

"చేపలా సార్, ఆఫీసులనా?"

"చేపల సంగతి నాకు చెప్తారేంటండీ. మా తాతగారు చెరువులు చేశారు."

తాతగారి చెరువులను ఆయన వేసవి సెలవుల్లో చూసింది తప్ప వాటిలో కాలు పెట్టింది లేదని తర్వాత తెలిసింది.

పటాన్‌చెరులో హైవే పక్కన రంగు చేపలమ్మే దుకాణం ఒకటి ఉండేది. యజమాని పాతబస్తీ మనిషి, పెద్దాయన. తొట్టి, మోటారు, ఫిల్టరు, అడుగున పోసే తెల్ల ఇసుక అన్నీ ఇచ్చి, చేపలు మాత్రం ఇవ్వలేదు. "పైలె ఖాళీ తొట్టి నడ్పుండ్రి సాబ్. నీళ్లు పక్వానికి రావాలె. ఇంక కొన్ని వారాలైనంక రండ్రి, మచ్ఛీ ఇస్త" అన్నాడు. ఈ చేపలకు మొక్కలు పనికిరావట, పీకేస్తాయట. గుహల్లాగా పేర్చిన రాళ్లు కావాలట. రాళ్లు నేను తెచ్చాను. మా ఊళ్లో వాటికి కొదవ లేదు.

అలా కొన్నాళ్లు మా ఆఫీసులో చేపల్లేని అక్వేరియం దీపాలు వేసుకుని, బుడగలు వదులుతూ నడిచింది. వచ్చినవాళ్లంతా దాని ముందు ఆగేవారు. ఒక పార్టీ మండల నాయకుడు ప్రెస్‌నోట్ ఇవ్వడానికి వచ్చి, వంగి, అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు వెతికాడు. చేపలు కనిపించలేదని ఒప్పుకోవడానికి మొహమాటపడ్డాడేమో, "మంచిగున్నయి సార్, కలర్ గూడ మంచిగుంది" అని మెచ్చుకుని వెళ్లిపోయాడు.

ఇక్కడ మా బ్యూరోలోని ఇద్దరిని మీకు పరిచయం చేయాలి. ఒకరు పటాన్‌చెరు విలేకరి, ఇంకొకరు గుమ్మడిదల విలేకరి. ఇద్దరికీ కలిపి ఒక మందుల ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాక్టరీ గుమ్మడిదల దిక్కు, దాని ఆఫీసు పటాన్‌చెరులో. అక్కడ ఏం జరిగినా ఆ వార్త ఎవరిదన్న పంచాయితీ మా ఆఫీసుకు వచ్చేది.

"పొగ గొట్టం ఏడుంటే వార్త ఆడిది" అనేవాడు గుమ్మడిదల ఆయన.

"మేనేజర్ ఏడుంటే ఆడిది. పొగ గొట్టం నీతోని మాట్లాడ్తదా?" అనేవాడు పటాన్‌చెరు ఆయన.

"వాసన మాకు, వార్త నీకా?"

ఇన్‌ఛార్జి ఇద్దరి మధ్యా నిలబడి "ఏమనుకోకండీ" అనేవాడు. ఇద్దరూ అనుకునేవారు.

చేపలు వచ్చిన రోజు ఈ ఇద్దరూ కూడా పంచాయితీ మాని తొట్టి చుట్టూ చేరారు. ఒకటి నిమ్మపండు పసుపు. రెండు నీలివి, నల్లచారలతో. ఇంకో మూడు నాలుగు. అంతే తెచ్చాడు ఇన్‌ఛార్జి. మరికొన్ని తీసుకోమని దుకాణం పెద్దాయన బతిమాలాడట. "ఎక్కువ అమ్ముకోవాలని ఆయన ఆత్రం. చెరువులో పిల్ల పలచగా వేస్తేనే చేప బాగా ఎదుగుతుందండీ" అన్నాడు.

వారం తిరక్కుండానే చేపలు రంగు వెలిశాయి. పసుపుది ఉడికిన పప్పు రంగుకు వచ్చింది. అన్నీ ఒక మూలకు చేరి, రెక్కలు ముడుచుకుని, పెళ్లికి పిలవకుండా వచ్చినవాళ్లలా నిలబడ్డాయి. ఇన్‌ఛార్జికి అన్నం సహించలేదు. పసుపు వేయమని ఒకరు, ఉప్పు వేయమని ఒకరు సలహా ఇచ్చారు. అన్నీ విని, చివరికి దుకాణం పెద్దాయన్నే బతిమాలి పిలిపించుకున్నాడు. ఆయన వచ్చి తొట్టి చూసి, నీళ్లు వేలితో తాకి అడిగాడు.

"ఏం పానీ పోసిండ్రు సాబ్?"

"మంచి నీళ్లేనండీ. ప్యూరిఫైడ్ వాటర్. క్యాన్లు తెప్పించి పోశాం."

పెద్దాయన నెత్తి మీద టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

ఇది మా ప్రాంతంవాళ్లు తప్ప ఇంకెవరూ చేయని తప్పు. ఫ్యాక్టరీల మూలంగా పటాన్‌చెరు చుట్టుపక్కల బోరు నీళ్లంటే అందరికీ భయం. చుట్టం వస్తే క్యాన్ నీళ్లు, కాలేజీకి వెళ్లే పిల్ల సీసాలో క్యాన్ నీళ్లు. మనం తాగని నీళ్లు దూరదేశం నుంచి వచ్చిన అతిథికి ఎలా పోస్తామని ఇన్‌ఛార్జి ఉద్దేశం. కానీ ఈ చేపలు పుట్టిన ఆఫ్రికాలోని మలావీ సరస్సు నీళ్లు సున్నపు నీళ్లట. రాళ్ల ఖనిజాలన్నీ కలిసిన బరువైన నీళ్లు. మా క్యాన్ కంపెనీవాడు ఆ ఖనిజాలన్నింటినీ వడగట్టి పారేసి, మిగిలినది మాకు అమ్ముతున్నాడు. చేపలు ఆ తేలిక నీళ్లలో ఊపిరాడక నిలబడ్డాయి.

"మీ బోర్ వాటర్ ఎట్లుంటది?" అన్నాడు పెద్దాయన.

ఎట్లుంటుందో మా కెటిల్ చూపించాను. లోపల అడుగునంతా తెల్లటి పెచ్చు కట్టి ఉంది. స్నానం చేస్తే సబ్బు నురగ రాదు, తల దువ్వితే దువ్వెన నిండా వెంట్రుకలు. ఊరంతా తిట్టుకునే నీళ్లు. పెద్దాయన కెటిల్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "మాషా అల్లా, అసల్ మలావీ పానీ" అన్నాడు.

గుమ్మడిదల విలేకరి ఉత్సాహంగా ముందుకొచ్చాడు. "మా దిక్కు నుంచి రెండు డబ్బాలు తేవాల్నా సార్?"

"వద్దు" అన్నాం అందరం ఒకేసారి.

"ఎందుకట్లంటరు?"

"మీ దిక్కు నీళ్లు పోస్తే చేపలే గాదు, రాళ్లు గూడ కరుగుతయి" అన్నాడు పటాన్‌చెరు ఆయన. అది నవ్వుకు అన్న మాటే గానీ, అన్నాక ఎవరమూ సరిగా నవ్వలేదు.

రోజుకు కొన్ని బకెట్ల చొప్పున ఆఫీసు బోరు నీళ్లు మార్చారు. చేపలకు రంగు తిరిగొచ్చింది. రంగుతోపాటు బలమూ, బలంతోపాటు బుద్ధీ బయటపడ్డాయి. నీలివాటిలో పెద్దది తొట్టి మధ్యనున్న రాయిని తన ఇల్లనుకుంది. తర్వాత చుట్టుపక్కల రాళ్లన్నీ కూడా తనవేననుకుంది. చివరికి తొట్టి మొత్తం. మిగతావాటిని కనిపించిన చోటల్లా తరిమి తోకలు కొరికింది. ఒక ఉదయం రెండు చనిపోయి ఉన్నాయి.

ఇన్‌ఛార్జి ఈసారి నన్ను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లాడు. పెద్దాయన పాత మాటే చెప్పాడు. "ఇంక చేపలెయ్యాలె సాబ్. మస్తుగ ఎయ్యాలె."

"కొట్టుకుంటున్నాయంటే ఇంకా వేయమంటారేంటండీ. ఎక్కువ వేస్తే కొట్టుకోవా?"

"కొట్టుకుంటయి. ఎందుకు కొట్టుకోవు? గానీ ఒకదాని ఎంబడి పడేతందుకు ఎవరికీ ఫుర్సత్ ఉండది. దీన్ని తరుముదామనుకునేలోపు ఇంకోటి అడ్డమొస్తది. కొట్టేటోడు పరేషాన్ అయితడు."

"మరి కొత్తవి వేస్తే ఈ పెద్దది ఊరుకుంటుందా?"

"ఏసే ముందుగాల రాళ్లన్ని ఇటుదటు మార్చుండ్రి. లేకుంటే పాతది నా ఇల్లు, నా జాగా అంటది. రాళ్లు మారినయనుకో, అందరు కొత్తోళ్లే. ఎవని ఇల్లు ఏడుందో వానికే తెల్వది. గప్పుడు గమ్మునుంటయి."

ఇన్‌ఛార్జి తాతగారి చెరువును అక్కడే వదిలేసి, సంచుల నిండా చేపలు కొన్నాడు. రాళ్లు మార్చి, గుమ్మడిదల విలేకరి కూడా ఒక చెయ్యి వేయగా అన్నింటినీ ఒకేసారి వదిలాడు. పెద్దాయన చెప్పినట్టే జరిగింది. పెద్ద నీలిది తన ఇంటి కోసం ఒక పూటంతా వెతుక్కుని, దొరక్క, గుంపులో కలిసిపోయింది. తొట్టి నిండా పసుపూ నీలమూ నారింజా తిరుగుతుంటే, జిరాక్సు దుకాణానికి వచ్చినవాళ్లు కూడా మెట్లెక్కి చూసి పోయేవారు. ఇన్‌ఛార్జి ముఖంలో వెలుగు వచ్చింది. భార్యనూ కూతుర్నీ ఒకరోజు తీసుకొచ్చి చూపించాడు. "ఎడిటర్ గారు దీని ముందు నిలబడితే చాలండీ" అన్నాడు నాతో. ఆ తర్వాత ఏం జరుగుతుందని ఆయన ఊహో ఆయనకే స్పష్టంగా ఉండి ఉండదు. బదిలీ కాగితం చేతిలో ఉన్న మనిషి ఒక మంచి తొట్టి చూసి మనసు మార్చుకుంటాడని ఆశ పడటానికి లెక్కలేమీ అక్కర్లేదు కదా.

ఎడిటర్ గారు వచ్చే రోజు పొద్దున అందరం ఇస్త్రీ చొక్కాలతో హాజరయ్యాం. అప్పుడు మెట్ల మీద నుంచి పటాన్‌చెరు విలేకరి ఒక సంచి పట్టుకుని వచ్చాడు. అందులో అరచేయంత చేప, మెడ దగ్గర నెమలి రంగు.

"ఇన్‌ఛార్జి సార్ కోసం నా తరఫు గిఫ్ట్" అని, మేము అయ్యో అనేలోపే సంచి తొట్టిలో వంచేశాడు. పదిరోజులుగా సద్దుమణిగిన తొట్టి ఒక్క నిమిషంలో అసెంబ్లీ అయింది. పాతవన్నీ కలిసి కొత్తదాన్ని మూలకు తోసి కొరుకుతున్నాయి.

"ఇది కావాలనే చేసిండు సార్. నేను చెయ్యి పెట్టి ఏసిన చేపలున్నయి గద ఇండ్ల, అందుకు" అన్నాడు గుమ్మడిదల ఆయన.

"గిఫ్ట్ ఇస్తే గూడ తప్పేనా నీకు?"

"ఏమనుకోకండీ" అని ఇద్దరినీ పక్కకు తోసి, ఇన్‌ఛార్జి ఇస్త్రీ చొక్కాను భుజాల దాకా మడిచి, చేతులు తొట్టిలో దించాడు. రాళ్లన్నీ మార్చాడు. అడుగున పేరుకున్నదంతా లేచింది. నీళ్లు రాగి అంబలిలా అయ్యాయి. ఆయన చేతులు తుడుచుకుంటుండగా కింద కారు తలుపు పడిన చప్పుడైంది.

ఎడిటర్ గారు లోపలికి వచ్చారు. పొడుగాటి మనిషి, తక్కువ మాటలు. తిన్నగా తొట్టి దగ్గరకు నడిచారు. డ్రైవరు చెప్పిన సంగతి నిజమేనని ఆ నడకలోనే తెలిసింది. కానీ తొట్టిలో బురద తప్ప ఏమీ లేదు. ఇన్‌ఛార్జి తడి చొక్కాతో పక్కన నిలబడ్డాడు. నేను ఆయన వైపు చూడలేకపోయాను.

"ఏం వేశారు ఇందులో?"

"సిక్లిడ్లు సార్. మలావీవి."

"కనిపించడం లేదే?"

"ఇప్పుడే రాళ్లు మార్చానండీ."

"ఎందుకు?"

ఇన్‌ఛార్జి ఇక దాచి లాభం లేదనుకున్నాడేమో, మొత్తం చెప్పేశాడు. క్యాన్ నీళ్ల సంగతి చెప్పాడు. పలచగా వేసి రెండింటిని చంపుకున్న సంగతి చెప్పాడు. "ఒకేచోట పాతుకుపోయినవి ఆ జాగా అంతా తమదే అనుకుంటాయి సార్. కొత్తదాన్ని బతకనివ్వవు. రాళ్లు మారిస్తే అందరూ కొత్తవాళ్లే. పోట్లాట ఉండదు."

ఎడిటర్ గారు కుర్చీ లాక్కుని తొట్టి ముందు కూర్చున్నారు. మా పనితీరు సమీక్ష మొదలుకాలేదు. ఫిల్టరు పని చేస్తూ ఉంది. నెమ్మదిగా బురద కిందికి దిగి, ముందు ఒక పసుపు తోక, తర్వాత నీలిచారలు, చివరికి మొత్తం గుంపు కనిపించింది. కొత్త చేప కూడా అందరితోపాటు దారి తెలియక తిరుగుతోంది. ఆయన అలాగే చూస్తూ, "రాళ్లు మారిస్తే అందరూ కొత్తవాళ్లే" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి గుమ్మడిదల విలేకరి గొంతు, పటాన్‌చెరు విలేకరి గొంతు వినిపించాయి. పొగ గొట్టం మళ్లీ మొదలైంది. ఎడిటర్ గారు వెనక్కి తిరిగి వాళ్లిద్దరినీ, ఆ తర్వాత నన్నూ, తీరిగ్గా చూశారు.

మరుసటి వారం ఆదేశాలు వచ్చాయి. పటాన్‌చెరు ఆయన్ను గుమ్మడిదలకూ, గుమ్మడిదల ఆయన్ను పటాన్‌చెరుకూ వేశారు. నన్ను నారాయణఖేడ్ పంపారు. మిగతావాళ్లనూ అటూ ఇటూ సర్దారు. ఇన్‌ఛార్జి ఒక్కణ్ని మాత్రం ఉన్నచోటే ఉంచారు. అక్వేరియం చూసుకునే మనిషి కదలకూడదని ఎడిటర్ గారు ఫోన్లో అన్నారట.

ఇన్‌ఛార్జి మెట్ల మీదికి వెళ్లి భార్యకు ఫోన్ చేశాడు. "మనం ఎక్కడికీ వెళ్లట్లేదు" అన్న మాట మాకు స్పష్టంగా వినబడింది. ఆ గొంతులో సంతోషం విని మాకూ సంతోషమే అనిపించింది. తిరిగి లోపలికి వచ్చేసరికి ఆయన ముఖాన్ని పరామర్శకు వచ్చినవాడిలా సర్దుకున్నాడు.

"మీ గురించి నేనొక్క మాట కూడా చెడుగా చెప్పలేదండీ" అన్నాడు నాతో.

"నా గురించి చెప్పలేదు సార్. రాళ్ల గురించి చెప్పిండ్రు. మేం చేపలమనుకున్నం గనీ, ఆయన లెక్కల మేమే రాళ్లం."

ఆయనకు నవ్వాలో వద్దో తెలియలేదు.

మారిన విలేకరులిద్దరూ నెల కూడా సర్దుకుపోయి ఉండలేదు. కొత్తగా పటాన్‌చెరుకు వచ్చినాయన "మేనేజర్ ఏడుంటే ఆడిదే వార్త" అనడం మొదలుపెట్టాడు. గుమ్మడిదలకు పోయినాయన "వాసన మాకు, వార్త నీకా" అన్నాడు. ఎవరి వాదన వాళ్లు కుర్చీలోనే వదిలేసి, ఎదుటివాడిది తీసుకున్నారన్నమాట. ఆఫ్రికా పద్ధతి చేపల వరకే పని చేస్తుందని ఎడిటర్ గారికి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి మా బ్యూరోలో పాతవాడు ఒక్కడే మిగిలాడు, ఆయనకు నోరు పెగల్లేదు.

అందుకే పిల్లలూ, మీ పైవాళ్లకు ఏదైనా వివరించాల్సి వస్తే వివరించండి. కానీ విన్నవాడు దాన్ని ఎక్కడికి పట్టుకుపోతాడో ఒకసారి ఆలోచించుకోండి.

నారాయణఖేడ్ నాకు మొదట్లో కష్టంగానే ఉండేది. ఇంటికి వారానికోసారి వెళ్లేవాణ్ని. తర్వాత అలవాటైంది. అక్కడి మనుషులు తీరికగా మాట్లాడతారు. ఎవరూ నా జాగాలోకి రాలేదు, నేనూ ఎవరి జాగాలోకీ పోలేదు. ఇన్‌ఛార్జి కూతురు ఇంటర్ పూర్తిచేసి పెద్ద కాలేజీలో చేరిన ఏడాది, ఒక ఆదివారం ఆయనా భార్యా బస్సు దిగి నా గది వెతుక్కుంటూ వచ్చారు. ఆవిడ ఆవకాయ సీసా బల్ల మీద పెట్టి, గది నలుమూలలా చూసింది. ఒంటి మనిషి వంట గిన్నెలు రెండు, మడిచిన మంచం. భర్త వైపు ఒక చూపు చూసింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "మా పని అయిపోయిందండీ. అమ్మాయి హాస్టల్లో చేరింది. ఇక నన్నెక్కడికి పంపినా ఫర్వాలేదు. మిమ్మల్ని సంగారెడ్డికి తిరిగి పంపమని ఎడిటర్ గారిని నేనే వెళ్లి కలుస్తాను. అన్నీ వివరంగా చెబుతాను."

"మీ కాళ్లు మొక్కుత సార్" అన్నాను. "ఆయనకు ఇగ ఏదీ వివరంగ చెప్పకుండ్రి."

ఆవిడ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన కూడా ఈసారి నవ్వాడు. ముగ్గురం కలిసి అన్నం తిన్నాం. నేను రిటైరయ్యేదాకా నారాయణఖేడ్‌లోనే పని చేశాను.